బీపీ మాత్రకూ పొడి దగ్గుకూ చుట్టరికం

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 52. నాలుగు నెలలుగా బీపీకి రామిప్రిల్ వాడుతున్నాను. బీపీ అదుపులోనే ఉంది గానీ పొడి దగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు. పడుకుంటే చాలు, గొంతులో ఈక పెట్టి తిప్పినట్టుంటుంది. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. సిరప్‌లు మార్చి మార్చి తాగాను. ఈ మాత్ర ఏదో ఎంజైమ్‌ను ఆపుతుందట. దానికీ దగ్గుకూ ఏమిటి సంబంధం? మాత్ర మానేయనా?
– ఓ పాఠకురాలు

జవాబు: మీ అంతట మీరు మానేయకండమ్మా. బీపీ మళ్లీ పెరుగుతుంది. సిరప్ మాత్రం ఎన్ని సీసాలు తాగినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఆ ఎంజైమ్ పేరు ఏసీఈ. ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల లోపలి గోడల మీద దండిగా ఉంటుంది. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2ను తయారుచేసేది అదే. దాన్ని ఆపడానికే మీ మాత్ర. అయితే ఏసీఈకి ఇంకో పని కూడా ఉంది. దెబ్బ తగిలినా, వాపు పుట్టినా ఒంట్లో బ్రాడీకైనిన్ అనే పదార్థం తయారవుతుంది. తొమ్మిదే తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్క. రక్తనాళాలను వదులు చేస్తుంది, కణజాలంలోకి నీరు ఊరేలా చేస్తుంది, నొప్పి పుట్టిస్తుంది. మామూలుగా రక్తంలో దాని ఆయుష్షు నిమిషం కూడా ఉండదు, ఏసీఈ తుంచి పారేస్తుంది. మాత్రతో ఏసీఈ చేతులు కట్టేస్తే బ్రాడీకైనిన్ పోగుపడి, శ్వాసనాళాల్లోని నరాలను గిల్లుతుంది. ఏసీఈ విరగ్గొట్టే సబ్‌స్టెన్స్-పి అనే మరో పదార్థానికీ ఇందులో వాటా ఉంటుందంటారు.

తమాషా ఏమిటంటే, బ్రాడీకైనిన్‌ను 1949లో బ్రెజిల్ శాస్త్రవేత్త రోచా ఎ సిల్వా బృందం కనిపెట్టింది జరరాకా అనే పాము విషంతో ప్రయోగాలు చేస్తూనే. బ్రాడీకైనిన్ ప్రభావాన్ని పెంచే పదార్థం కూడా అదే విషంలో ఉందని 1965లో ఫెరీరా చూపించారు. ఆ దారిలోనే ఈ రకం మందుల్లో మొదటిదైన కాప్టోప్రిల్ వచ్చింది. పుట్టుకలోనే బ్రాడీకైనిన్ ఉన్న మందు దగ్గు తెప్పిస్తే ఆశ్చర్యమేముంది!

ఈ దగ్గు సుమారు పది మందిలో ఒకరికి వస్తుంది, ఆడవాళ్లకు మరికాస్త ఎక్కువ. డోసు తగ్గించినా సాధారణంగా పోదు. మీ డాక్టరును కలిసి లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటి మాత్రకు మార్చవచ్చేమో అడగండి. అవి ఏసీఈ జోలికి పోవు, యాంజియోటెన్సిన్ పనిచేసే చోట అడ్డుపడతాయి. మార్చిన రెండో రోజే దగ్గు పోలేదని కంగారుపడకండి. ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి మూడు నెలలు కూడా.

దగ్గు విసిగిస్తుంది, అంతే. పెదవులో నాలుకో ముఖమో ఉబ్బితే మాత్రం అది ప్రాణాపాయం. అదీ చాలావరకు బ్రాడీకైనిన్ పనే, అలర్జీ మాత్రలకు సరిగా లొంగదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఈ రకం మాత్ర మళ్లీ ముట్టుకోకూడదు. షుగరుకు గ్లిప్టిన్ మాత్ర వాడుతుంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి. అది ఆపే డీపీపీ-4 కూడా ఇలాంటి పదార్థాలను విరగ్గొట్టే ఎంజైమే.