టి కణం బ్యాక్టీరియాను నేరుగా ఎందుకు గుర్తుపట్టదు?

టి కణాలకు (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు) బ్యాక్టీరియా నేరుగా ఎందుకు కనిపించదు, ప్రొటీన్ ముక్కలను వాటికి చూపించే ఎంహెచ్‌సీ అణువుల్లో క్లాస్ 1, క్లాస్ 2 అని రెండు దారులెందుకు అని అడిగారు. పీహెచ్‌డీ రోజుల్లో మాక్రోఫేజ్‌లనూ (సూక్ష్మజీవులను మింగే కణాలు) టి కణాలనూ కలిపి పెంచడమే నా పని. అందుకే పుస్తకంలో బొమ్మ పక్కనపెట్టి ప్రయోగం నుంచే మొదలుపెడతాను.

మాక్రోఫేజ్‌లకు బ్యాక్టీరియా ప్రొటీన్ ఇచ్చి, వెంటనే పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేస్తే, అంటే కణాలను చంపి ఉన్నదున్నట్టు బిగించేస్తే, టి కణాలు ఉలకవు, పలకవు. గంట ఆగి ఫిక్స్ చేస్తే, ఆ మాక్రోఫేజ్‌లలో ప్రాణం లేకపోయినా సరే, టి కణాలు ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేత ప్రొటీన్‌ను వదులుతాయి. మర్నాడు ఆ ప్రొటీన్‌ను కొలిచే ఎలైజా పరీక్ష ప్లేటులో ఆ వెల్స్ (గుంటలు) నీలంగా మారి, ఆమ్లం పోయగానే పసుపు తిరుగుతాయి. వెంటనే ఫిక్స్ చేసిన పక్క వరుస మాత్రం నీళ్లలా ఉండిపోతుంది. అసలు విషయం ఇంకోటుంది. సరైన పెప్టైడ్‌ను (ప్రొటీన్‌లోని చిన్న ముక్క) నేరుగా ఇస్తే, ముందే ఫిక్స్ చేసిన కణాలు కూడా దాన్ని చూపించగలవు. అంటే ఆ గంటలో జరిగేది ముక్కలు చేయడమే. 1980ల తొలినాళ్లలో రోగనిరోధక శాస్త్రవేత్త ఎమిల్ ఉనానువే బృందం లిస్టీరియా అనే బ్యాక్టీరియాతో ఈ తరహా ప్రయోగాలే చేసింది. కణం లోపలి సంచుల ఆమ్లత్వాన్ని తగ్గించే క్లోరోక్విన్ వేస్తే ఈ పని ఆగిపోతుందనీ చూపించింది.

ఆమ్లత్వం ఎందుకంటే, మింగిన బ్యాక్టీరియా ఉన్న సంచి (ఫాగోజోమ్), జీర్ణ ఎంజైముల సంచి అయిన లైసోజోమ్‌తో కలిశాక పీహెచ్ 5 దాకా పడిపోతుంది. కెథెప్సిన్ ఎంజైములు ప్రొటీన్లను బాగా కోసేది అక్కడే. ఈలోగా కణంలో ప్రొటీన్లు తయారయ్యే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో తయారైన క్లాస్ 2 అణువు అటు బయలుదేరుతుంది. పెప్టైడ్ కూర్చునే దాని గాడి ఖాళీగా ఉండదు. సీటుకు రుమాలు వేసినట్టు, ఇన్‌వేరియంట్ చైన్ అనే ప్రొటీన్ అందులో కూర్చుని ఉంటుంది. ఆ చైన్ తెగి, చివరికి క్లిప్ అనే చిన్న ముక్క మిగులుతుంది. హెచ్‌ఎల్‌ఏ-డీఎం అనే సహాయక ప్రొటీన్ దాన్ని తప్పించాక బ్యాక్టీరియా పెప్టైడ్ ఎక్కుతుంది. ఇది సాధారణంగా 13 నుంచి 25 అమినో ఆమ్లాల పొడవుంటుంది, గాడి రెండు కొసలా తెరిచే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఈ జంట కణం ఉపరితలానికి వచ్చాక సీడీ4 టి కణాలు (మిగతా రోగనిరోధక కణాలకు సాయపడేవి) చూస్తాయి.

క్లాస్ 1 దారి సైటోప్లాజంలో (కణద్రవ్యంలో) ఉన్న ప్రొటీన్లది. వాటిని ప్రోటియాజోమ్ అనే ఎంజైము యంత్రం కోస్తుంది, ట్యాప్ అనే రవాణా ప్రొటీన్ ఆ ముక్కలను రెటిక్యులమ్‌లోకి పంపుతుంది, క్లాస్ 1 మీద ఎక్కిన 8–10 అమినో ఆమ్లాల పెప్టైడ్‌ను సీడీ8 కణాలు (సోకిన కణాలను చంపే టి కణాలు) చదువుతాయి.

దయచేసి ‘క్లాస్ 1 వైరస్‌కు, క్లాస్ 2 బ్యాక్టీరియాకు’ అని బట్టీ పట్టకండి. ఆ సూక్ష్మజీవి కణంలో ఎక్కడుందన్నదే లెక్క. లిస్టీరియా లిస్టీరియోలైసిన్ ఓ అనే ప్రొటీన్‌తో ఫాగోజోమ్‌కు కన్నం పెట్టి సైటోప్లాజంలోకి జారుకుంటుంది. అందుకే దాని మీద సీడీ8 కణాలు గట్టిగా పనిచేస్తాయి. క్షయ బ్యాక్టీరియా లైసోజోమ్ కలయికను అడ్డుకుని ఫాగోజోమ్‌లోనే కాపురం పెట్టగలదు. టి కణాలకు సరుకు చూపించడంలో దిట్టలైన డెండ్రిటిక్ కణాలైతే మింగిన సరుకును క్లాస్ 1 మీద కూడా చూపించగలవు.

పెప్టైడ్ కనిపించినంత మాత్రాన కొత్త టి కణం (ఇంతకుముందు ఆ పెప్టైడ్‌ను చూడనిది) రంగంలోకి దిగదు, చూపించే కణం మీది సీడీ80, సీడీ86 ప్రొటీన్ల సంకేతం కూడా అందాలి. పరీక్షల్లో చాలామంది వదిలేసేది ఇదే.

ఇదంతా ప్రొటీన్ల సంగతి. క్షయ బ్యాక్టీరియా గోడలోని మైకోలిక్ ఆమ్లం లాంటి కొవ్వులను సీడీ1 అణువులు చూపిస్తాయి. దానికి వేరే ప్రశ్న వేయండి, రాస్తాను.