ఒడంబడికను ‘పొడిగించారా’, ‘వర్తింపజేశారా’?

సందేహం: “1953లో బ్రిటన్ మానవ హక్కుల ఒప్పందాన్ని వలసలకు పొడిగించింది” అని ఒక అనువాదంలో చదివాను. ‘పొడిగించింది’ సరైనదేనా? ‘విస్తరించింది’ అనాలా?

సమాధానం: ఈ వాక్యం ఒక్కటే చదివితే, వలస వెళ్లేవారి కోసం చేసుకున్న ఏదో ఒప్పందానికి గడువు పెంచారని తోస్తుంది. అసలు సంగతి వేరు: ఐరోపా దేశాల మానవ హక్కుల ఒడంబడికను బ్రిటన్ తన పాలనలోని ఇతర ప్రాంతాలకూ వర్తింపజేసింది. తప్పు ఒక్క క్రియలోనే లేదు.

‘పొడిగించు’ పొడుగు నుంచి పుట్టిన మాట. గడువును, సెలవును, రైలు మార్గాన్ని పొడిగిస్తాం. అంటే కాలమో దూరమో పెరగాలి. ఇక్కడ ఆ రెండూ పెరగలేదు. ఒక ఊళ్లో ఉన్న కట్టుబాటు మరో ఊరికీ వచ్చిందంతే. ‘విస్తరించు’ సామాన్యంగా తనంతట తాను వ్యాపించడాన్ని చెబుతుంది: మర్రి విస్తరిస్తుంది, నగరం విస్తరిస్తుంది. ఒక ప్రభుత్వం పూనుకుని చేసిన పనికి ‘వర్తింపజేసింది’ సరిగ్గా అతుకుతుంది.

‘వలసలకు’ అన్నది ఇంకా పెద్ద చిక్కు. తెలుగువాడికి వలస అంటే ముందు గుర్తొచ్చేది పొట్ట చేతపట్టుకుని పోవడం. తెలుగు కూలీలు వలస వెళ్లిన మారిషస్, ఫిజీ, మలయా 1953లో బ్రిటన్ ఇచ్చిన ఆ ప్రాంతాల జాబితాలోనే ఉన్నాయి కాబట్టి అయోమయం రెట్టింపవుతుంది. ‘వలస రాజ్యాలు’ కొంత నయం. అయితే ఐరోపా మానవ హక్కుల ఒడంబడిక 63వ అధికరణం (ఇప్పుడది 56వది) ఆ మాటే వాడలేదు. ఒక దేశం ఏ ప్రాంతాల విదేశీ సంబంధాలకు బాధ్యత వహిస్తుందో ఆ ప్రాంతాలు అంది. రక్షిత రాజ్యాలను (సొంత పాలకులున్నా మరో దేశం రక్షణలో ఉన్నవాటిని) కూడా కలుపుకోవాలంటే అంత వెడల్పు మాట కావాలి. తెలుగులో ‘పాలిత ప్రాంతాలు’ అంటే సరిపోతుంది.

‘ఒప్పందం’ తప్పు కాదు గానీ, ఇళ్ల అద్దెకూ అదే మాట. రాజ్యాల మధ్య దీర్ఘకాలపు కట్టుబాటుకు ‘ఒడంబడిక’ బరువుగా ఉంటుంది. ఒడంబడు నుంచి ఒడంబడిక, కోరు నుంచి కోరిక వచ్చినట్టే.

తేదీ దగ్గరా జాగ్రత్త పడాలి. బ్రిటన్ 1953 అక్టోబర్ 23న 40కి పైగా ప్రాంతాల పేర్లతో ఈ ఒడంబడిక వెనుక ఉన్న ఐరోపా దేశాల సంస్థ ‘ఐరోపా మండలి’ ప్రధాన కార్యదర్శికి తెలియజేసింది. అలాంటి ప్రకటన అందిన తర్వాత 30వ రోజు నుంచి ఒడంబడిక వర్తిస్తుంది. కాబట్టి “అక్టోబర్ 23న ప్రకటించింది” అనవచ్చు, “అక్టోబర్ 23 నుంచి వర్తించింది” అనకూడదు. ‘అన్ని పాలిత ప్రాంతాలకు’ అనడం కూడా తప్పే. హాంకాంగ్ ఆ జాబితాలో లేదు.

‘వర్తింపజేసింది’ అన్నంత మాత్రాన అక్కడి మనిషి నేరుగా ఫిర్యాదు చేసుకోగలిగాడని అర్థం కాదు. అప్పట్లో వ్యక్తుల ఫిర్యాదు హక్కును దేశం విడిగా అంగీకరించాల్సి ఉండేది. బ్రిటన్ దాన్ని 1966లో గానీ మొదటిసారి అంగీకరించలేదు. అందుకే అప్పుడు బ్రిటన్ పాలనలో ఉన్న సైప్రస్ విషయంలో 1956లో ఫిర్యాదు చేసింది అక్కడి ప్రజలు కాదు, గ్రీసు దేశం. “సైప్రస్ ప్రజలకు హక్కులు దక్కాయి” అని రాసే అనువాదకుడు ఈ తేడాను మింగేస్తున్నాడు.

మీరు చదివిన వాక్యాన్ని ఇలా దిద్దుకోవచ్చు: “ఐరోపా మానవ హక్కుల ఒడంబడికను తన పాలిత ప్రాంతాల్లో చాలావాటికి వర్తింపజేస్తున్నట్టు బ్రిటన్ 1953 అక్టోబర్‌లో ప్రకటించింది.” శీర్షికలో చోటు చాలకపోతే “పాలిత ప్రాంతాలకూ హక్కుల ఒడంబడిక” చాలు.