ఆటలోని దేవతల గురించి రాస్తున్న చెల్లెమ్మకు

ప్రియమైన చెల్లెమ్మా,

నీ వ్యాసం అందింది. ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్‌లో మనకు దారి చూపే మెలీనాయే ఒకనాటి గ్లోమ్ ఐడ్ క్వీన్ (సంజె కళ్ల రాణి) అని నిరూపించాలన్న నీ తపన ప్రతి పేరాలోనూ కనిపించింది. బాగుందని రెండు ముక్కలు రాసి పంపేయవచ్చు. కానీ నీకు రాసే చెయ్యి ఉంది. అందుకే పొగడ్త పక్కన పెట్టి, పనికొచ్చే మాటలు చెబుతాను.

నీ వ్యాసంలో "ఆట చెబుతోంది" అనే మాట చాలా చోట్ల వచ్చింది. వచ్చిన ప్రతిచోటా నేను పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాశాను: ఎవరు చెబుతున్నారు? ఈ ఆటలో అన్నీ తెలిసిన కథకుడు లేడు. 2022 ఫిబ్రవరిలో ఆట విడుదలయ్యేనాటికే అందరికీ తెలిసిన సంగతి ఇది: ఆ లోకపు పురాతన చరిత్రను నవలా రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాశాడు, దర్శకుడు హిదెతాకా మియాజాకి బృందం ఆ చరిత్ర కూలిపోయిన తరువాతి కాలంలో ఆటను నిలబెట్టింది. మన చేతికి దొరికేవి శిథిలాలు, విగ్రహాలు, కత్తి మీదా ఉంగరం మీదా రాసిన నాలుగేసి వాక్యాలు. మియాజాకి చిన్నప్పుడు తన స్థాయికి మించిన విదేశీ పుస్తకాలు చదువుతూ, అర్థంకాని చోట్ల బొమ్మలు చూసి కథను తానే ఊహించుకునేవాడినని ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. అలాంటి మనిషి ఆటలో ఖాళీలు వదిలితే, అవి మరచిపోయి వదిలినవి కావు. అవి మన కోసమే ఉన్నాయి. అయితే ఖాళీ పక్కన నిలబడి మాట్లాడుతున్నది ఎవరో గమనించకుండా దాన్ని పూరించకూడదు.

మికెల్లా సంగతి చూడు. అసలు ఆటలో నెత్తుటి ప్రభువు మోగ్ ఆ నిద్రపోతున్న బాలదేవుణ్ని ఎత్తుకుపోయాడనీ, తనకు జతగా దేవుణ్ని చేసుకోవాలని చూశాడనీ దాదాపు అందరం నమ్మాం. మోగ్‌ను చంపాక దొరికే వస్తువు కూడా ఆ అర్థమే ఇస్తుంది. అయితే అదే ఆటలో బీవిచింగ్ బ్రాంచ్ అనే చిన్న కొమ్మ ఒకటి ఉంది. శత్రువు మీద వాడితే వాడు కాసేపు మన పక్షాన పోరాడతాడు. చాలామంది దాన్ని సంచిలో వేసుకుని మరచిపోయారు. మికెల్లాను ఎందరో ప్రేమిస్తారనీ, ఆ ప్రేమను బలవంతంగా రాబట్టడం అతనికి బాగా తెలుసుననీ దాని వివరణలోనే రాసి ఉంది. 2024 జూన్‌లో షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అనే అదనపు భాగం (డీఎల్‌సీ) వచ్చింది. అందులో మోగ్ కొలువులోని అన్స్‌బాక్ నోట అసలు సంగతి బయటపడింది: తన ప్రభువునే మికెల్లా వశపరచుకున్నాడు. రెండేళ్లపాటు అందరూ అపహర్త అనుకున్నవాడు నిజానికి వశీకరణకు లోబడినవాడు. ఆ కొమ్మను చదివి ముందే అనుమానపడినవాళ్లు కొందరు ఉన్నారు. నువ్వు వాళ్ల దగ్గర నేర్చుకో. పెద్ద బాస్‌లు, అంటే ఆటలోని ప్రధాన శత్రువులు, ఇచ్చే గొప్ప వస్తువుల కన్నా ఎవరూ పట్టించుకోని చిల్లర వస్తువుల దగ్గర ఎక్కువసేపు ఆగు.

దేవతల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆ లోకాన్ని ఏలే దేవత మరికా, ఆమె బంగారు వృక్షం ఎర్డ్‌ట్రీ, ఆమె నెలకొల్పిన దైవక్రమం గోల్డెన్ ఆర్డర్, వీటి గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ ఆర్డర్ మనుషులు చెప్పిందే. గెలిచినవాళ్ల శాసనాలు అవి. ఆట ఈ విషయాన్ని తన కడుపులోనే పెట్టుకుంది. లేండెల్ నగరంలో మరికా భర్త రాడగాన్ విగ్రహం ముందు నిలబడి లా ఆఫ్ రిగ్రెషన్ అనే మంత్రం వేయాలి. దానికి మన పాత్ర బుద్ధిని కొలిచే ఇంటెలిజెన్స్ అంకె 37 ఉండాలి. భక్తి మంత్రానికి బుద్ధి అంత కావాలనడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. మంత్రం వేయగానే విగ్రహం రూపు మారి మరికా కనిపిస్తుంది. రాడగానే మరికా అని అక్షరాలు తేలతాయి. ఆ ముక్క తీసుకెళ్లి గోల్డ్‌మాస్క్‌కు చెప్పాలి. ఒక్క మాటా మాట్లాడని ఆ మనిషి దైవక్రమంలో తప్పెక్కడుందో ఆలోచిస్తూ నిలబడి ఉంటాడు. గురువు ఆ క్రమాన్నే శంకిస్తున్నాడని పక్కనున్న కోరిన్ కంగారుపడతాడు. చివరికి గోల్డ్‌మాస్క్ తేల్చింది ఏమిటంటే, దేవతలు కూడా మనుషుల్లాగే నిలకడలేని వాళ్లు, లోపమంతా అక్కడే ఉంది. ఇంతకన్నా ధైర్యమైన థియరీ మనలో ఎవరం రాశాం? ఆయన దాన్ని భక్తితోనే చేశాడు. నువ్వు కూడా ఆ ఇద్దరు దేవతల మీద ప్రేమ తగ్గించుకోకుండానే వాళ్లను ప్రశ్నించవచ్చు.

ఇక్కడే నువ్వు అర్ధనారీశ్వరుణ్ని తెచ్చావు. మన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ పోలిక తట్టకుండా ఉండదు, తట్టాలి కూడా. కానీ పోలిక కనిపించగానే నువ్వు వాదన ఆపేశావు. నేనైతే అక్కడ మొదలుపెడతాను. అర్ధనారీశ్వర రూపంలో శివుడూ పార్వతీ విడదీయరాని ఒక్కటి, వాళ్ల మధ్య తగవు లేదు. రాడగాన్, మరికా అలా లేరు. మరికా రాతి సుత్తి వివరణ మళ్లీ చదువు. ఆ లోకపు క్రమాన్ని నిలిపే ఎల్డెన్ రింగ్‌ను ఆమె పగలగొట్టింది దానితోనే, రాడగాన్ దాన్ని అతికించాలని చూసింది కూడా దానితోనే. ఒకే దేహం, ఒకే సుత్తి, ఒకరు పగలగొడితే ఇంకొకరు అతుకుతున్నారు. మెలీనా మనకు వినిపించే మరికా మాటల్లో రాడగాన్ మీద ఎంత కసి ఉందో నీకు తెలుసు, ఇద్దరం ముక్కలవుదాం అంటుంది. మన పురాణంతో పోల్చడం వల్ల వచ్చే అసలు లాభం ఆ తేడా స్పష్టంగా కనబడటమే. పోలికను దీపంలా వాడు, సాక్షిగా మాత్రం బోను ఎక్కించకు. నార్స్ పురాణాల మహావృక్షాన్ని ఎర్డ్‌ట్రీతో పోల్చిన నీ పేరాకూ ఇదే వర్తిస్తుంది.

పేర్ల విషయంలో కూడా తొందరపడ్డావు. గాడ్రిక్, గాడ్‌ఫ్రీ, రాడాన్, రాన్నీ, మలేనియా, మికెల్లా... ఈ పేర్లన్నీ ఇంగ్లిషులో జి, ఆర్, ఎమ్ అక్షరాలతో మొదలవుతాయి కనుక మార్టిన్ తన పొడి అక్షరాలను ఆటలో దాచాడని ఒక ఊహ బాగా పాకింది. ఆయనే దాన్ని కొట్టిపారేశాడు, ఆట మీద తన పేరు ఉండగా లోపల దాచుకోవాల్సిన అవసరం ఏమిటన్నాడు. అంతమాత్రాన పేర్లలో ఏమీ లేదని కాదు. వరస నిజంగానే ఉంది, వంశాలను బట్టి నడుస్తుంది. గమనించింది సరైనదే, చెప్పిన కారణం తప్పింది. ఈ రెండింటినీ వేరువేరు వాక్యాల్లో రాయడం అలవాటు చేసుకో.

ఇక మెలీనా. నీ బలమైన ఆధారం ఆటకున్న ముగింపుల్లో ఒకటైన ఫ్రెంజీడ్ ఫ్లేమ్: మూసి ఉన్న ఎడమ కన్ను తెరుస్తుంది, సంజె రంగు కనిపిస్తుంది, నీకు మృత్యువును తెచ్చిపెడతానంటుంది. ఆ దృశ్యాన్ని నువ్వు చాలా బాగా రాశావు, ఒక్క అక్షరం మార్చకు. కానీ ఎదురు నిలిచేవాటిని దాటవేశావు. ఆ సంజె కళ్ల రాణి దేవతలను వేటాడే గాడ్‌స్కిన్ అపోసల్స్‌ను నడిపింది, మరికా నమ్మినబంటు మాలికెత్ చేతిలో ఓడింది. మెలీనా మాత్రం తాను ఎర్డ్‌ట్రీ మొదట్లో పుట్టాననీ, తనకు కర్తవ్యాన్ని ఇచ్చింది తల్లేననీ చెబుతుంది. మరికాకు శత్రువైన స్త్రీ ఆమె కూతురెలా అయింది? ఇద్దరూ ఒకరేనా, కన్ను మాత్రమే వారసత్వంగా వచ్చిందా, లేక ఓడిన రాణిలోని ఏదో అంశ మెలీనాలోకి చేరిందా? మరికా కొడుకు మెస్మర్‌కు అతనిలాగే అగ్నిని దర్శించిన ఒక చెల్లెలు ఉందని డీఎల్‌సీలో చదువుతాం, పేరు మాత్రం చెప్పరు. అది నీకు అనుకూలమో ప్రతికూలమో నువ్వే తేల్చాలి. మూడు దారులనూ పాఠకుడి ముందు పెట్టి, నువ్వు ఎంచుకున్న దారిలో ఎక్కడ గొయ్యి ఉందో నీ నోటితోనే చెప్పు. అప్పుడు నీతో విభేదించేవాడు కూడా చివరిదాకా చదువుతాడు.

"నిస్సందేహంగా" అన్న మాట వ్యాసం మొత్తంలో కొట్టేయి. కొట్టేశాక మిగిలిన వాక్యం నిలబడకపోతే, ఆ వాక్యం కూడా తీసేయి.

డీఎల్‌సీ వచ్చాక కూడా ఈ రాణి కథ తేలలేదని నిరాశపడుతూ రాశావు. నాకు ఆ నిరాశ లేదు. షామన్ గ్రామంలో దొరికే బంగారు జడ గుర్తుందా? మరికా కత్తిరించి అర్పించిన జడ. ఆమె ఏం ప్రార్థించింది, ఏం కోరుకుంది అని ఆ వివరణే అడుగుతుంది. జవాబు చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదనీ, ఆమె మళ్లీ ఆ ఊరికి రాలేదనీ చెప్పి ఊరుకుంటుంది. అక్కడ ఒక జవాబు రాసి ఉంటే మరికా నాకు ఇంత దగ్గరయ్యేది కాదు. నీ వ్యాసంలో కూడా ఒకచోట ప్రశ్నను ప్రశ్నగానే ఉంచు, మెలీనా తల్లి దగ్గర అయితే బాగుంటుంది.

తిరగరాశాక పంపు. మెస్మర్‌ను మరికా భయంతోనే వదిలేసిందని నువ్వు ఆఖరి పేరాలో అన్నావు. దాంతో నేను ఏకీభవించను, కానీ అది ఇంకో ఉత్తరమంత ఉంటుంది. ముందు నీ ఆధారాలు రాసి పెట్టుకో, నావి నేను తెస్తాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య