అక్కా, ఒక మాట: దేవుడి మీద భారం వేశాను, అయినా చేతులు వణుకుతున్నాయి

ప్రశ్న: అక్కా, మాది టంగుటూరు, నాకు నలభై మూడేళ్ళు. మా ఆయన గవర్నమెంటు ఉద్యోగం చేస్తూ కిందటేడు చనిపోయారు. కారుణ్య నియామకం కింద నాకు ఒంగోల్లో జూనియర్ అసిస్టెంటుగా ఇచ్చారు, చేరి రెండు నెలలైంది. ఎప్పుడో ప్రైవేటుగా కట్టి పాసైన డిగ్రీ ఉంది గానీ, ఊళ్ళో పదకొండేళ్ళుగా డ్వాక్రా గ్రూపు పుస్తకాలు రాయడం తప్ప బయట ఏ పనీ చెయ్యలేదు. కంప్యూటర్ ముందు కూర్చుంటే చేతులు వణుకుతాయి. పక్క సీట్లో ఒకమ్మాయి ఉంది, మా పెద్దమ్మాయి ఈడుది, టకటకా చేసేస్తుంది, ఆమెను అడగాలంటే సిగ్గు. ఆయన పోయాక ఎవరి ముందూ చెయ్యి చాపకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇంకా పంతొమ్మిదేళ్ళ సర్వీసు ఎట్లా లాగుతానా అని రాత్రిళ్ళు నిద్ర పట్టదు. చర్చిలో అందరూ దేవుడి మీద భారం వెయ్యి అంటారు. వేస్తూనే ఉన్నా, తెల్లారి బస్టాండుకొచ్చేసరికి టెన్షన్ మళ్ళీ మొదలు. నా విశ్వాసంలోనే లోపం ఉందా?
– ఒక సోదరి

జవాబు: చెల్లెమ్మా, ఆయన పోయి ఏడాది తిరిగిందో లేదో, ఇంకా ఆ దుఃఖం తీరకుండానే రోజూ బస్సెక్కి ఒంగోలు పోయి ఆ కుర్చీలో కూర్చుంటున్నావు, చేతులు వణుకుతున్నా రెండు నెలల్లో మానెయ్యలేదు, అట్లాంటి మనిషి నా విశ్వాసంలో లోపమా అని అడిగితే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. వణుకు పాపం కాదమ్మా. దాన్ని లెక్కలోకే తీసుకోకు.

నీ ఉత్తరంలో నన్ను ఆపింది వేరే మాట, ఆ ఒట్టు. దేవుడి మీద భారం వేశానంటున్నావు, అదే నోటితో ఎవరినీ ఏదీ అడగనంటున్నావు. మరి ఆ దేవుడు నీకు సాయం ఎట్లా పంపాలి? కుటుంబం పరువు కోసం పెట్టుకున్న ఒట్టని నాకు తెలుసు, బంధువుల దగ్గర డబ్బు విషయంలో అది మంచిదే. కానీ పని నేర్చుకునే చోట అదే ఒట్టు పట్టుకుని కూర్చుంటే, భారమంతా మళ్ళీ నీ నెత్తినే ఉన్నట్టు. నిన్ను నొప్పించాలని అనడం లేదు. ఇది నాకు జరిగింది కాబట్టే చెబుతున్నా.

1989లో టీచరుగా నాకు మొదటి పోస్టింగు కనిగిరి వైపు ఒక పల్లెలో వచ్చింది. చంకలో ఏడు నెలల బిడ్డ, ఏకోపాధ్యాయ పాఠశాల, ఊళ్ళో నోట్లో పోసుకోలేని ఫ్లోరైడు నీళ్ళు. వారం రోజులు రాత్రంతా మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేశాను, తెల్లారాక పక్కింటామెను మంచి నీళ్ళు ఎక్కడ దొరుకుతాయని అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఎనిమిదో రోజు ఆ అవ్వే బిందె తెచ్చి గుమ్మంలో పెట్టి, 'అడిగితే నీ సొమ్మేం పోయింది తల్లీ' అంది. ఆ అవ్వను నేనింకా మర్చిపోలేదు.

బైబిల్లో నిర్గమకాండం 4వ అధ్యాయం ఈ రాత్రి ఒకసారి మెల్లగా చదువు. ఐగుప్తులో బానిసలుగా ఉన్న తన జనాన్ని విడిపించమని దేవుడు పంపబోతే, మోషే ఎనభయ్యేళ్ళ వాడు, నాకు మాట రాదు, నోరు తిరగదు, ఇంకెవర్నైనా పంపు అని బతిమాలాడు. నేను నీ నోటికి తోడుగా ఉంటానన్నాడు దేవుడు, అంతటితో ఊరుకోలేదు, మీ అన్న అహరోను నీకు ఎదురొస్తున్నాడన్నాడు. తోడు మనిషి రూపంలో వచ్చింది. అదే అధ్యాయం మొదట్లోనే ఇంకో ప్రశ్న ఉంది, నీ చేతిలో ఉన్నదేమిటి అని. మోషే చేతిలో ఉన్నది గొర్రెలు కాసుకునే కర్ర. నీ చేతిలో పదకొండేళ్ళ డ్వాక్రా లెక్కలున్నాయి. పొదుపు, అప్పు, వడ్డీ, తీర్మానాలు, పైసా తేడా వస్తే పదిమంది ఆడవాళ్ళు నిలదీసే చోట నిలబడి రాసినదానివి. ఆఫీసు రిజిస్టర్లు వాటికంటే కష్టమని నేను అనుకోను.

మన ఒంగోల్లోనే చూడు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఇక్కడికొచ్చి, మరుసటి సంవత్సరం జనవరి 1న ఎనిమిది మందితో సంఘం మొదలుపెట్టారు. 1876-78 కరువులో జనం ఆకలికి అల్లాడిపోతుంటే ఆయన ప్రార్థనతో ఆగలేదు, బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఎట్లా చెయ్యగలిగారంటే, కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేసిన మనిషి. ఆ పని నేర్చుకునే రోజుల్లో ఒంగోలు అనే ఊరుందని కూడా ఆయనకు తెలిసుండదు. పైగా తిండి కోసం మతం పుచ్చుకుంటారని, కరువు ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు, అది నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. కరువు తీరాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈసారి మన ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కినప్పుడు ఆ కాలవ తవ్విన వాళ్ళను కూడా తలుచుకో.

ఇక పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఒక్క రాత్రిలో మోసే బరువా అది? ఎడారిలో దేవుడు తన జనానికి ఆహారంగా కురిపించిన మన్నా ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు, దాచుకున్నది పురుగు పట్టింది. రేపటికి ఒక్క పని చాలు నీకు. ఒక నోట్‌బుక్కు కొనుక్కో, ఆ అమ్మాయి చూపించిన ప్రతి మెట్టూ, ఏ బటన్ తర్వాత ఏ బటనో, గ్రూపు పుస్తకం రాసినట్టే రాసుకో. ఇంట్లో ఫోన్లో తెలుగు టైపింగు రోజూ పావుగంట చెయ్యి. అర్థం కాని కాగితం మీద ఎవరు తొందరపెట్టినా సంతకం పెట్టొద్దు, 'చదువుకుని పెడతాను సార్' అను, అందులో అవిధేయత ఏమీ లేదు. నిద్ర పట్టకపోవడం ఇట్లాగే సాగితే డాక్టరుకు చూపించుకో, ప్రార్థన చేసేవాళ్ళు ఆసుపత్రికి పోకూడదని బైబిల్లో ఎక్కడా లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పక్క సీటు అమ్మాయి గురించి ఈడు రాశావు, టకటకా చేస్తుందని రాశావు. పేరు మాత్రం రాయలేదు, బహుశా నీకు తెలియదేమో. రేపు క్యారియర్‌లో ఇంకో ఇద్దరికి సరిపడా పప్పుచారు పోసుకుని వెళ్ళు, మధ్యాహ్నం ముందుగా ఆ పేరు అడుగు.