సమాధానం: అందరూ "సూపర్" అంటున్నారు, ఒకరు మాత్రం బేస్ ముద్దగా ఉందన్నారు

తమ్ముడూ, నువ్వు చేసిన మ్యూజిక్ ట్రాక్ పంపితే అందరూ "సూపర్" అన్నారని, ఒక్కరే బేస్ (లోతైన కింది శబ్దం) ముద్దగా ఉందన్నారని, ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు కదా. ఆ ఒక్కరి మాటే పట్టుకో.

నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. 1:10 దగ్గర డ్రాప్ (పాట ఒక్కసారిగా ఊపందుకునే చోటు) రాగానే కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ), బేస్ రెండూ 60 హెర్ట్జ్ చుట్టూనే కొట్టుకుంటున్నాయి, అందుకే కిక్ దెబ్బ తెలియడం లేదు. బేస్ మీద సైడ్‌చెయిన్ కంప్రెసర్ పెట్టి కిక్ పడినప్పుడల్లా కాస్త తగ్గేలా చెయ్యి, ప్యాడ్‌లో (వెనకాల సాగే మెత్తని స్వరాల్లో) 150 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హై-పాస్ ఫిల్టర్‌తో తీసెయ్యి. తర్వాత మోనోలో (ఎడమ, కుడి కలిపి ఒకే ఛానెల్‌గా) విను, అప్పుడు బేస్ సన్నబడిపోతే ఫేజ్ సమస్య (శబ్ద తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం) ఉన్నట్టే.

ఇంకోటి, "ఎలా ఉంది?" అని అడిగితే మొహమాటానికి ఎవరైనా బాగుందనే అంటారు. "డ్రాప్‌లో కిక్ తెలుస్తోందా, డ్రమ్స్ ఆగే బ్రేక్ సాగదీసినట్టుందా?" అని అడిగి చూడు. పాత మిక్స్, కొత్త మిక్స్ రెండూ పంపేటప్పుడు వాల్యూమ్ సమానం చెయ్యి, లేకపోతే గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది. నువ్వు ఇతరుల ట్రాక్‌ల గురించి చెప్పేటప్పుడూ నిమిషం, సెకను రాసి చెప్పు.

తీగ మీటినట్టు వినిపించే ఆ ప్లక్ మెలొడీని మాత్రం ఎవరేమన్నా మార్చకు, చాలా బాగుంది.