టెక్ సందేహాలు: క్లచ్ తొక్కినా దిగని ఆర్‌పీఎం

ఈ వారం ఫోన్లు, ప్రింటర్లు, వైఫై రౌటర్లు పక్కన పెట్టేశాను. కారు గురించి టెక్ కాలమ్‌లో ఎందుకు అంటారేమో, రీమ్యాప్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్చడం) చేయించిన కారులో వచ్చే గొడవల్లో సగం సాఫ్ట్‌వేర్ గొడవలే. వచ్చిన మూడు ప్రశ్నలూ ఒకే జబ్బు చుట్టూ (గేరు మార్చేటప్పుడు ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ తిరిగే వేగం, దిగకపోవడం) తిరుగుతున్నాయి కాబట్టి కలిపి రాస్తున్నాను. మొదటిదానికే ఎక్కువ చోటు పోయింది, మిగతా ఇద్దరూ ఏమనుకోకండి.

"నాది 2020 పోలో 1.0 టీఎస్‌ఐ, ఆరు గేర్ల మాన్యువల్. ఆరు నెలల కింద స్టేజ్ 1 రీమ్యాప్ చేయించాను, సైలెన్సర్‌లో పటపటా పేలే పాప్స్ కూడా పెట్టించాను. హైవే మీద బండి సూపర్. సిటీలో నరకం. మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్లేటప్పుడు ఒకటో గేరు, రెండో గేరులో నిదానంగా పోతుంటే బండి ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోంది. గేరు మార్చడానికి క్లచ్ తొక్కితే ఆర్‌పీఎం అక్కడే వేలాడుతోంది, ఒక్కోసారి ఇంకా పైకి పోతోంది. క్లచ్ అరిగిపోయింది, మార్చాలి అంటున్నాడు ట్యూనర్. మార్చేయనా?" (కూకట్‌పల్లి నుంచి)

వద్దు. ముందు ఆ క్లచ్ జోలికి పోకండి, గేర్‌బాక్స్ దించాల్సిన పని అది, వేలల్లో బిల్లు అవుతుంది. క్లచ్ అరిగితే గొడవ పెడల్ వదిలేసి ఉన్నప్పుడు కనిపిస్తుంది: ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో యాభై మీద వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు లేచిపోయి స్పీడు మాత్రం పెరగదు. మీది పెడల్ తొక్కాక వచ్చే గొడవ. పెడల్ తొక్కాక ఇంజిన్‌కీ చక్రాలకీ సంబంధమే లేదు, అప్పుడు ముల్లు ఎక్కడ నిలబడాలో క్లచ్ ప్లేటు చెప్పదు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చెబుతుంది.

అసలు ఆర్‌పీఎం ఎందుకు వేలాడుతుంది? కాలు తీయగానే థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు) టక్కున మూసేస్తే, గాలి ఒక్కసారిగా ఆగిపోయి అప్పటికే లోపల ఉన్న పెట్రోలు సరిగ్గా కాలకుండా పొగగొట్టం దారి పడుతుంది, కాలుష్యం లెక్కలు తప్పుతాయి. అందుకని కంపెనీ వాళ్లు థ్రాటిల్‌ని మెల్లగా మూయిస్తారు. కార్బ్యురేటర్ రోజుల్లో ఈ పనికి డాష్‌పాట్ అని చిన్న డబ్బా లాంటిది ఉండేది, ఇప్పుడు వైరు మీద నడిచే థ్రాటిల్ కాబట్టి అదే పని ఈసీయూలో నాలుగు టేబుళ్లలో (అంకెల పట్టికల్లో) రాసేస్తారు. దానికి బరువైన ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం) తోడైతే కొత్త బండిలో కూడా కొంచెం వేలాడటం మామూలే. బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఈ ఫిర్యాదు మరీ ఎక్కువైంది. మీ బండిలో అది ముందు నుంచీ ఎంత ఉంది, రీమ్యాప్ ఫైలు పడ్డాక ఎంత పెరిగింది అన్నది మొదట తేలాలి.

తేల్చడానికి ఖర్చు లేని దారి ఒకటుంది. ట్యూనర్ దగ్గరికి వెళ్లి స్టాక్ ఫైలు (కంపెనీ ఇచ్చిన ప్రోగ్రామ్) వెనక్కి వేయమనండి, మీ ఒరిజినల్ ఫైలు దాచి ఉంచడం వాళ్ల కనీస బాధ్యత. రెండు మూడు రోజులు అదే ఆఫీసు దారిలో తిప్పండి. కుదుపు పోయిందా, తప్పు ఫైలుది. కుదుపు అలాగే ఉందా, తప్పు ఇనుములోనో రబ్బరులోనో ఉంది, ఇంక ఎన్ని ఫైళ్లు మార్పించినా డబ్బు దండగ. ఇంత చిన్న పని చేయకుండా "సార్, రివిజన్ 2 పంపిస్తా, రివిజన్ 3 పంపిస్తా" అంటూ నెలలు గడిపేవాళ్లు చాలామంది. నేనూ ఒకప్పుడు అలాగే గడిపాను, ఆ కథ కింద చెబుతాను.

ఇప్పుడు మీ పాప్స్ సంగతి. నా అనుమానమంతా దాని మీదే. మామూలుగా గేరులో ఉండి కాలు తీసేస్తే ఈసీయూ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది, ఆర్‌పీఎం బాగా దిగాక మళ్లీ మొదలుపెడుతుంది. పాప్స్ కావాలంటే ఆ ఆపడాన్ని ఆలస్యం చేయాలి, ఇగ్నిషన్ టైమింగ్‌ని (స్పార్క్ పడే సమయాన్ని) బాగా వెనక్కి లాగాలి, ఎక్సాస్ట్‌లో పేలడానికి గాలి కూడా కావాలి కాబట్టి థ్రాటిల్ కొంచెం తెరిచి ఉంచాలి. అంటే కాలు తీశాక కూడా ఇంజిన్‌కి పెట్రోలూ గాలీ అందుతున్నాయి. ఇక ఆర్‌పీఎం ఎలా దిగుతుంది చెప్పండి! పైగా ఆ పేలుడు ఆగి మామూలు కట్ (పెట్రోలు ఆపడం) మొదలయ్యే ఆ క్షణంలో ఇంజిన్ లాగుడు ఒక్కసారిగా మారుతుంది, అది మీకు నడుముకి తగిలే దెబ్బ. సాయంత్రం ట్రాఫిక్‌లో నిమిషానికి పదిసార్లు కాలు వేసి తీసేవాడికి ఇది ఎంత హాయిగా ఉంటుందో ఊహించుకోవచ్చు. పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌కి కూడా ఆ వేడి మంచిది కాదు. ముందు పాప్స్ తీయించేయండి, లేదా కనీసం 3,000 ఆర్‌పీఎం కింద అవి రాకుండా పెట్టమనండి.

రెండో అనుమానం పెడల్ మ్యాప్, అంటే పెడల్ ఎంత తొక్కితే థ్రాటిల్ ఎంత తెరవాలన్న లెక్క. చూడటానికి ఒక చవక బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్‌లోని రీడింగులు చదివేది), ఫోన్లో కార్ స్కానర్ లాంటి యాప్ చాలు. డాంగిల్ చవకది కాబట్టి ఇరవై రీడింగులు అడిగితే నత్తలా నడుస్తుంది, నాలుగే పెట్టుకోండి: ఇంజిన్ ఆర్‌పీఎం, యాక్సిలరేటర్ పెడల్ పొజిషన్ డి, కమాండెడ్ థ్రాటిల్, టైమింగ్ అడ్వాన్స్. పక్క సీట్లో ఇంకొకరు కూర్చుని రికార్డు చేయాలి, డ్రైవింగ్ చేస్తూ ఫోన్ చూడొద్దు. నా పాత హ్యాచ్‌బ్యాక్‌లో ఇలా తీసినప్పుడు స్టాక్ ఫైలు మీద పెడల్ 7 శాతం ఉంటే థ్రాటిల్ 12 దగ్గర ఉండేది, రీమ్యాప్ మీద అదే 7 శాతానికి 24 దగ్గరికి పోయింది. బండి "పికప్ పెరిగింది" అనిపించడానికి చేసే చవక ట్రిక్ ఇది. ఫలితం ఏమిటంటే, పెడల్ మీద చీమ నడిచినంత కదలికకి ఇంజిన్ గట్టిగా లాగుతుంది, బండి ఎగురుతుంది, దాంతో మన ఒళ్లు వెనక్కి పోయి పెడల్ మీద కాలు తేలుతుంది, వెంటనే బండి ఆగినట్టవుతుంది, మన ఒళ్లు ముందుకి వచ్చి కాలు మళ్లీ నొక్కుతుంది. అక్కడి నుంచి బండి మిమ్మల్ని ఊపుతోందా, మీరు బండిని ఊపుతున్నారా అన్నది తెలియదు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఈ ఊగుడుని పసిగట్టి ఇగ్నిషన్ టైమింగ్ కొంచెం అటూ ఇటూ జరిపి చల్లార్చే భాగం ఒకటి ఉంటుంది. టైమింగ్ టేబుళ్లు, టార్క్ (ఇంజిన్ లాగే బలం) టేబుళ్లు ఒకదానికొకటి పొంతన లేకుండా మార్చేస్తే ఆ భాగం లెక్క తప్పుతుంది. లాగ్‌లో పెడల్ గీత నిలకడగా ఉండి థ్రాటిల్ గీత, టైమింగ్ గీత రంపం పళ్లలా ఉంటే అదే జరుగుతోందని అర్థం. ఆ స్క్రీన్‌షాట్ ట్యూనర్‌కి పంపండి, "సిటీలో జర్క్ వస్తోంది" అన్న మెసేజ్ కన్నా వందరెట్లు పనికొస్తుంది.

ట్యూనర్లందరూ మోసగాళ్లని నేననను. కానీ డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టేది ఫుల్ థ్రాటిల్, కాగితం మీద ఇచ్చేది ఫుల్ థ్రాటిల్ నంబరు, మనం డబ్బిచ్చేదీ ఆ నంబరు చూసే. కంపెనీ 110 పీఎస్ పవర్ ఇచ్చింది, వీళ్లు ఇంకెంతో చేశారు, అందరూ సంతోషం. అయిదు శాతం పెడల్ మీద రెండో గేరులో బండి ఎలా నడుస్తుందో చూడాలంటే ట్రాఫిక్‌లో గంటలు గంటలు తిరగాలి, ఆ పనికి ఎవరూ బిల్లు వేయరు, ఎవరూ చేయరు. మీరు బండి నడిపేది మాత్రం ఎక్కువసేపు అక్కడే.

ఆర్‌పీఎం పైకి కూడా పోతోంది అన్నారు కదా, అది వేరే ఆధారం. డాష్‌పాట్ పని చేసే ఆ టేబుళ్లు ఆర్‌పీఎంని వేలాడదీస్తాయి, పైకి లేపవు. పైకి లేస్తోందంటే క్లచ్ తొక్కిన సంగతి ఈసీయూకి ఆలస్యంగా తెలుస్తోందేమో, లేదా మీరు కాలు తీయకముందే క్లచ్ తొక్కేస్తున్నారేమో. మొదటిదానికి పరీక్ష సులువు. మీ వేరియంట్‌లో క్రూజ్ కంట్రోల్ (స్పీడుని తనే నిలబెట్టేది) ఉంటే తెల్లవారుజామున ఖాళీగా ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద క్రూజ్ పెట్టి క్లచ్ పెడల్‌ని మెల్లగా తాకండి. కొంచెం దిగగానే క్రూజ్ ఆగిపోవాలి. బాగా లోపలికి పోయాక ఆగినా, అసలు క్రూజ్ పెట్టుకోనివ్వకపోయినా క్లచ్ పెడల్ సెన్సర్ చూపించండి, ఫోక్స్‌వ్యాగన్ బండ్లలో చాలావాటికి అది క్లచ్ మాస్టర్ సిలిండర్ మీదే ఉంటుంది.

ఇక నా కథ. నా హ్యాచ్‌బ్యాక్‌కి ఇలాగే కుదుపులొస్తే రెండు రివిజన్లు వేయించాను, రెండోదానికి డబ్బు కూడా కట్టాను. చివరికి మా వీధి చివర మెకానిక్, అరవై దాటిన మనిషి, బానెట్ ఎత్తి, చక్రాలకి రాళ్లు పెట్టించి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగించి, ఒకటో గేరులో క్లచ్ సగం వదలమని, తర్వాత రివర్స్‌లో అదే చేయమని చెప్పి పక్కన నిలబడి చూశాడు (కారు ముందు ఎవరూ నిలబడకూడదు, ఆయన కూడా పక్కనే ఉన్నాడు). ఇంజిన్ జోలపాట పాడుతున్నట్టు అటు ఒరిగింది, ఇటు ఒరిగింది. "మౌంటింగ్ పోయింది బాబూ, కంప్యూటర్ ఏం చేస్తది" అన్నాడు. ఇంజిన్‌ని పట్టి ఉంచే కింది మౌంటింగ్ రబ్బరు నిలువునా చీలి ఉంది. రీమ్యాప్‌తో టార్క్ పెరిగింది, పాత రబ్బరు తట్టుకోలేదు. ఫైలు వేయడానికి ముందు ఎవరూ కింద చూడలేదు, నేను కూడా. మీ బండికి అయిదేళ్లు దాటింది కాబట్టి మీరూ చూపించండి.

ఇంటేక్ (ఇంజిన్‌కి గాలి తెచ్చే గొట్టం) కూడా మార్చి ఉంటే గొట్టాల జాయింట్లు స్మోక్ టెస్ట్ (పొగ పంపి లీకు వెతకడం) చేయించండి. గాలి కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న బండ్లలో లీకేజీ ఉంటే ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలుని సర్దుకునే శాతం) ఐడ్లింగ్‌లో బాగా ప్లస్‌కి పోయి చెప్పేస్తుంది, ప్రెషర్ సెన్సర్ మీద నడిచేవాటిలో ట్రిమ్ మామూలుగానే ఉండి ఐడ్లింగ్ మాత్రం ఎక్కువగా ఉంటుంది, అందుకే చాలామంది కనిపెట్టలేరు. మరో మాట, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇది బయటికి రావచ్చు. చేయించేశారు కాబట్టి తెలిసి ఉండండి.

"డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. 2018 సివిక్ ఎస్‌ఐ, కొన్నరోజు నుంచీ రెవ్ హ్యాంగ్ (ఆర్‌పీఎం వేలాడటం). కేట్యూనర్ (సొంతంగా రీమ్యాప్ చేసుకునే పరికరం) కొని రెవ్ హ్యాంగ్ తగ్గించే సెట్టింగ్ చివరిదాకా పెట్టాను, పెద్ద ఇంటేక్ వేశాను. ఇప్పుడు ఆర్‌పీఎం చకచకా దిగుతోంది కానీ సిగ్నల్ దగ్గర రెండుసార్లు ఆగిపోయింది, కాలు తీసి వేస్తే తడబడుతోంది. తేలిక ఫ్లైవీల్ వేయమంటున్నాడు మా ఫ్రెండ్." (టెక్సస్ నుంచి)

ఆర్‌పీఎం చకచకా దిగి ఐడ్లింగ్ దగ్గర పట్టు దొరక్క కిందికి జారిపోతోంది, అంతే. సెట్టింగ్‌ని సగానికి తేండి. తడబడటం మాత్రం ఇంటేక్ పని అయి ఉండాలి: మాఫ్ సెన్సర్ కూర్చునే గొట్టం లావు మారితే అది కొలిచే గాలి లెక్క తప్పవుతుంది, ఫైలులో ఆ ఇంటేక్‌కి తగ్గ స్కేలింగ్ (ఆ లెక్కని సరిచేసే అంకెలు) ఉండాలి. పాత ఎయిర్ బాక్స్ మళ్లీ పెట్టి ఒకరోజు నడపండి, తేలిపోతుంది. గాలిని బయటికి ఊదే బ్లో ఆఫ్ వాల్వ్ కూడా వేసి ఉంటే, కొలిచేసిన గాలి బయటికి పోయి పెట్రోలు ఎక్కువై ఇదే తడబాటు వస్తుంది.

ఫ్లైవీల్ మీద మీ ఫ్రెండ్ చెప్పింది తప్పేం కాదు, 2022 ఎస్‌ఐలో హోండాయే 26 శాతం తేలికైన ఫ్లైవీల్ వేసింది, సివిక్ టైప్ ఆర్‌లోని రెవ్ మ్యాచ్ (గేరు మార్చేటప్పుడు ఆర్‌పీఎంని తనే సరిపెట్టేది) కూడా తెచ్చింది. కానీ అక్కడ దానికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్ కూడా రాసుకున్నారు. మీ బండిలో ఇప్పటికే ఆగిపోయే జబ్బు ఉండగా తేలిక చక్రం వేస్తే ఇంకా సులువుగా ఆగిపోతుంది, ట్రాఫిక్‌లో కుదుపు కూడా పెరుగుతుంది, ఐడ్లింగ్‌లో గేర్‌బాక్స్ గలగలమంటుంది. వెనకాల పిల్లల సీటు ఉంటే అసలు వద్దు. ఇంకొకటి, 2025 నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ పోయింది గానీ ఫ్రిస్కో ఉన్న కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ (పొగ పరీక్ష) ఉంది. ఫ్లాష్ చేసిన ప్రతిసారీ రెడీనెస్ మానిటర్లు (కాలుష్య భాగాల మీద కారు తనే చేసుకునే పరీక్షల రికార్డు) చెరిగిపోతాయి, టెస్టుకి ముందు రోజు సెట్టింగులు మార్చుకుని వెళ్తే తిప్పి పంపేస్తారు.

"కొత్త స్విఫ్ట్ మాన్యువల్, ఇంకా వారంటీలో ఉంది. గేరు మార్చేటప్పుడు ఆర్‌పీఎం దిగడం లేదు. రీమ్యాప్ చేయిస్తే పోతుందా?" (విజయవాడ నుంచి)

పోవచ్చు, వారంటీ కూడా దాంతోపాటే పోవచ్చు. చేయించకండి. క్లచ్ తొక్కడానికి అరక్షణం ముందు యాక్సిలరేటర్ వదలండి, ఒకటి నుంచి రెండుకి మార్చేటప్పుడు 2,000 లోపు మార్చండి, వారంలో కాలికి అలవాటైపోతుంది. ఏసీ ఆపి ఒకసారి, వేసి ఒకసారి చూడండి. ఏసీ వేస్తేనే ఎక్కువగా ఉంటే కంప్రెసర్ లోడ్ కోసం ఈసీయూ గాలి పెంచుతోంది, అది జబ్బు కాదు. రెండు సందర్భాల్లోనూ రెండు మూడు సెకన్లు అలాగే వేలాడుతుంటే మాత్రం సర్వీసుకి ఇచ్చినప్పుడు క్లచ్ స్విచ్, థ్రాటిల్ బాడీ చూడమని జాబ్ కార్డులో రాయించండి. నోటితో చెబితే "అన్ని బండ్లకీ ఇంతే సార్" అని పంపించేస్తారు.