ఓవెన్ అక్కర్లేని ఉప్పుతీపి చాక్లెట్ పలకలు: మేనకోడలికి కొన్ని సూచనలు

చిరంజీవి మేనకోడలికి, మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

ఈ పండుగ సెలవుల్లో స్నేహితులకూ బంధువులకూ నీ చేత్తో చేసిన తీపి ఏదైనా ఇవ్వాలని ఉందనీ, ఇంట్లో ఓవెన్ లేనందువల్ల వెనుకాడుతున్నాననీ రాశావు. కరిగించిన చాక్లెట్‌ను పలుచగా పరచి, దానిమీద ప్రెట్జెల్ అనే, ముడిలా చుట్టి కరకరలాడేలా కాల్చిన ఉప్పటి గోధుమ చిరుతిండి ముక్కలూ వేయించిన పప్పులూ చల్లి, గట్టిపడ్డాక చేత్తో విరిచే పలకలకు ఓవెన్‌తో పనే లేదు. చేతిపని గంటలోపే ముగుస్తుంది, ఎంతమందికి కావాలంటే అంతమందికి ఒకేసారి చేయవచ్చు. ఇందులో అన్నిటికన్నా ముందుగా కాపాడుకోవలసింది కరకరలాడే గుణం. ఆ గుణాన్ని చెడగొట్టేవి తడి ఒకటి, మితిమీరిన వేడి మరొకటి. ఈ ఉత్తరంలో నేను చెప్పబోయే జాగ్రత్తలు చాలావరకు ఈ రెండింటి గురించే.

మొదటిసారికి 400 గ్రాముల డార్క్ చాక్లెట్, 80 గ్రాముల ప్రెట్జెల్స్, 100 గ్రాముల బాదం లేదా వేరుశనగ పప్పు, 40 గ్రాముల ఎండు క్రాన్‌బెర్రీ లేదా కిస్‌మిస్, అర టీస్పూను రేకుల ఉప్పు తీసుకో. రేకుల ఉప్పు దొరకకపోతే మెత్తని ఉప్పు పావు టీస్పూనుకు మించనివ్వకు, ఎందుకంటే మెత్తని ఉప్పు అదే చెంచాలో ఎక్కువ బరువు తూగుతుంది. ప్రెట్జెల్స్ లేకపోతే ఉప్పు బిస్కెట్లు విరిచి వాడినా బాగానే ఉంటుంది. పప్పులు ముందే ఉప్పు పట్టించినవైతే పైన చల్లే ఉప్పును సగానికి తగ్గించు.

చాక్లెట్ కొనేటప్పుడు పొట్లం వెనుక రాసి ఉన్న పదార్థాల జాబితాను తప్పకుండా చదువు. కొవ్వుగా కోకో బటర్, అంటే కోకో గింజల నుంచి తీసే కొవ్వు, మాత్రమే ఉంటే అది అసలైన చాక్లెట్. దాని బదులు పామ్ గింజల నూనె వంటి వనస్పతి కొవ్వు ఉంటే అది కాంపౌండ్ చాక్లెట్. కాంపౌండ్‌ను ఊరికే కరిగించి పోసినా గట్టిపడుతుంది కాబట్టి పని సులువే కానీ, రుచి చప్పగానూ, నోటికి కాస్త మైనంలాగానూ తగులుతుంది. పదిమందికి ఇవ్వదలచుకున్నావు గనుక అసలైనదే వాడమని నా సలహా. కోకో 55 నుంచి 60 శాతం ఉన్నది ఉప్పుకు బాగా నప్పుతుంది. ఉప్పు చేదును అణచివేయడం వల్ల ఆ చాక్లెట్‌లో ఉన్న తీపి ముందుకు వస్తుంది. మిల్క్ చాక్లెట్ అసలే తీపి కాబట్టి దానితో చేసేటప్పుడు ప్రెట్జెల్స్ కొంచెం పెంచు. చిన్న చుక్కల్లా అమ్మే చాక్లెట్ చిప్స్ మాత్రం వద్దు. వేడిలో ఆకారం నిలవడానికి వాటిలో సాధారణంగా కోకో బటర్ తక్కువ వేస్తారు కాబట్టి కరిగించినా చిక్కగానే ఉండి, పలుచగా పరుచుకోవు.

చాక్లెట్ కరిగించే ముందే మిగతావన్నీ సిద్ధంగా ఉంచుకో. పప్పులను సన్నని మంటమీద ఎనిమిది పది నిమిషాలు కదుపుతూ వేయించి పూర్తిగా చల్లారనివ్వు. గోరువెచ్చని పప్పులు చాక్లెట్ గట్టిపడే తీరును చెడగొడతాయి. ప్రెట్జెల్స్‌ను బొటనవేలి గోరంత ముక్కలుగా విరిచి, అడుగున రాలిన పొడిని జల్లెడ పట్టి తీసేయి, లేకపోతే పలక తినేటప్పుడు నోటికి ఇసుకలా తగులుతుంది. ట్రేలో బటర్ పేపర్ పరచు. గిన్నె, గరిటె, చాకు, చేతులు అన్నీ పొడిగా తుడుచుకో. ఇది పైపైన చేసే హెచ్చరిక కాదు తల్లీ. కరిగిన చాక్లెట్‌లో రెండు చుక్కల నీరు పడినా అందులోని చక్కెర ఆ తడిని పట్టుకొని ముద్దకడుతుంది, అప్పటిదాకా పట్టులా జారుతున్నదంతా గరుకుగా గడ్డకడుతుంది. అలా జరిగితే పారేయకు. వేడినీళ్లు గానీ వేడి క్రీమ్ గానీ చెంచా చొప్పున కలుపుతూ పోతే మళ్లీ నునుపై మంచి సాస్ అవుతుంది. పలకలకు మాత్రం ఇక పనికిరాదు.

ఇక అసలు పని కరిగించడం. చాక్లెట్‌ను సన్నగా తరిగి, మూడింట రెండు వంతులు, అంటే దాదాపు 270 గ్రాములు, గిన్నెలో వేయి. ఒక పాత్రలో రెండు అంగుళాల ఎత్తు నీరు కాచి, మంట ఆపేసి, దానిపై ఈ గిన్నెను పెట్టు. గిన్నె అడుగు నీటిని తాకకూడదు, పక్కనుంచి ఆవిరి గిన్నెలోకి రాకూడదు. మైక్రోవేవ్ ఉంటే సగం శక్తిమీద 20 సెకన్ల చొప్పున వేడిచేసి ప్రతిసారీ బయటికి తీసి కలుపు. చాక్లెట్ కరిగినా ముక్కల ఆకారం చెదరదు కాబట్టి కంటికి ఇంకా కరగనట్టే కనిపించి, కలపకుండా ఇంకాసేపు పెడితే మధ్యలో మాడిపోతుంది. మాడిన వాసన వచ్చిన చాక్లెట్‌ను బాగుచేసే మార్గం లేదు. డార్క్ చాక్లెట్ 45 డిగ్రీల సెల్సియస్ చేరితే చాలు, 50 దాటనివ్వకు. పాల పదార్థాలున్న మిల్క్, వైట్ చాక్లెట్లు ఇంకా తొందరగా మాడతాయి కాబట్టి వాటిని 45 కూడా దాటనివ్వకు.

కరిగిన గిన్నెను దించి అడుగు తుడిచి, మిగిలిన 130 గ్రాములను గుప్పెడు గుప్పెడుగా వేస్తూ నిదానంగా కలుపు. ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు, కానీ పలక మెరుపూ, విరిచినప్పుడు వచ్చే టక్కుమనే శబ్దమూ ఇక్కడే నిర్ణయమవుతాయి. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. వాటిలో ఐదవ రకం మాత్రమే గట్టిగా, మెరుస్తూ, దాదాపు 34 డిగ్రీల దగ్గర కరిగేదై ఉంటుంది. నోటి లోపలి వేడి దాదాపు 37 డిగ్రీలు, చేతి చర్మం అంతకన్నా చల్లగా ఉంటుంది కాబట్టే అది చేతిలో కాసేపు నిలిచి నోట్లో కరుగుతుంది. కొన్న చాక్లెట్‌లో ఆ స్ఫటికాలు అప్పటికే ఉంటాయి. నువ్వు ఆఖర్న కలిపే తరుగు వాటిని విత్తనాల్లా మిగతా చాక్లెట్‌కు అందిస్తుంది. డార్క్ అయితే 31, 32 డిగ్రీలకు, మిల్క్ అయితే 29, 30 డిగ్రీలకు దిగేదాకా కలపాలి. ఉష్ణమాపకం లేకపోతే చెంచా కొసతో ఒక చుక్క కింది పెదవికి తాకించి చూడు, ఒంటికన్నా కాస్త చల్లగా అనిపించాలి. తర్వాత కాగితంపై కొంచెం పూయి. గది చల్లగా ఉంటే ఐదారు నిమిషాల్లో మెరుపుతో గట్టిపడాలి. చారలు చారలుగా, జిగటగా ఉంటే ఇంకొంచెం తరుగు వేసి మళ్లీ కలుపు.

సిద్ధమైన చాక్లెట్‌ను బటర్ పేపర్‌పై పోసి 25 సెంటీమీటర్ల చదరంగా, అర సెంటీమీటరు మందాన పరచు. అంతకన్నా పలుచనైతే ముక్కలు నిలవవు, మందమైతే కొరకడం కష్టమవుతుంది. ట్రేను రెండుమూడుసార్లు బల్లపై తట్టితే గాలిబుడగలు పోతాయి. వెంటనే ప్రెట్జెల్స్, ఆపైన పప్పులు, ఎండుపండ్లు చల్లి అరచేత్తో మెల్లగా అదుము. ఉప్పు మాత్రం చివరిదాకా ఆగాలి. పై మెరుపు తగ్గి చాక్లెట్ చిక్కబడినప్పుడు, కాస్త ఎత్తునుంచి చల్లు. ముందే వేస్తే రేకులు లోపలికి కూరుకుపోయి నాలుకకు వేరుగా అందవు. ఈ తీపిలో ఉప్పు వేరుగా తగలడమే అందం. గది వేడిగా ఉంటే ఫ్రిజ్‌లో 15 నుంచి 20 నిమిషాలు చాలు, రాత్రంతా వదలకు.

తాజా పండ్ల జోలికి వెళ్లకు, వాటి తడికి ప్రెట్జెల్స్ మెత్తబడతాయి. సుగంధం కావాలనుకుంటే నూనె ఆధారంగా చేసినదే వాడు, నీటిదైతే చాక్లెట్ ముద్దకడుతుంది. రంగులకూ ఇదే నియమం.

గట్టిపడ్డ పలకను చేత్తోనే విరువు, చాకుతో కోస్తే పప్పుల దగ్గర పగులుతుంది. గాలి చొరబడని డబ్బాలో, 15 నుంచి 20 డిగ్రీల చల్లని చోట, ఘాటైన వాసనలకు దూరంగా ఉంచు. కోకో బటర్ వాసనలను తొందరగా పట్టుకుంటుంది. రెండు వారాలు బాగుంటాయి, అయితే ప్రెట్జెల్స్ కరకర మొదటి వారంలోనే ఎక్కువ. ఫ్రిజ్‌లో పెట్టక తప్పకపోతే, బయటికి తీశాక డబ్బా మూత వెంటనే తెరవకు. చల్లని చాక్లెట్‌పై గాలిలోని తేమ చేరి చక్కెరను కరిగించి, ఆరాక బూడిదరంగు గరుకు పొరను వదులుతుంది. డబ్బా గది వేడికి వచ్చేదాకా ఆగు. ఎప్పుడైనా తెల్లని చారలు కనిపించినా బూజు అని భయపడకు. అది పైకి తేలిన కొవ్వు, తినడానికి ఏ ఇబ్బందీ ఉండదు.

ఇవ్వడానికి పొట్లాలు కట్టేటప్పుడు ప్రతిదానిమీదా వేరుశనగ, బాదం, గోధుమ, పాలు వీటిలో ఏవేవి ఉన్నాయో రాసి అంటించు. ఇవి పడని వారు అడగడానికి మొహమాటపడి ఊరుకోవచ్చు, తెలియక తినేయవచ్చు. కుక్కలున్న ఇంటికి ఇచ్చేటప్పుడు పొట్లం వాటికి అందకుండా పెట్టమని నోటితో కూడా చెప్పు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్కలకు విషం, డార్క్ చాక్లెట్‌లో అది మరీ ఎక్కువ. మొదటి పలక చేశాక అది ఎలా విరిగిందో, ఉప్పు సరిపోయిందో లేదో నాకు రాయి, కొలతలు ఎక్కడ మార్చాలో దాన్నిబట్టి చెబుతాను.

ఇట్లు,
మీ మేనత్త